అక్క ఒంటికి ఏ క్రీము

ఆళ్లగడ్డ నుంచి అక్క కోడలు ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాలలో మా ఇంటి ముందు బియ్యం చెరుగుతున్నాను. ఆ పిల్లది పెద్ద గొంతు. ఫోన్ లేకపోయినా వినపడుతుందని మేం ఎగతాళి చేస్తుంటాం. ఆ రోజు మాత్రం పక్కన ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా మాట్లాడింది.

"చిన్నత్తా, అత్త చెయ్యి చినిగింది."

"ఏందీ, విరిగిందా?"

"విరగలా. చినిగింది. మంచం మీంచి లేపుదామని ముంజెయ్యి పట్టుకున్యా. తోలు నా చేతిలోకి వచ్చేసింది. నేనేం గట్టిగా పట్టుకోలా చిన్నత్తా, ఒట్టు."

చాట అక్కడే పెట్టి బస్సెక్కాను. శిరివెళ్ల దాటేవరకు ఆ మాటే తిరుగుతూ ఉంది మనసులో. చెయ్యి చినగడం అనేది నేను అంతకుముందు విన్న మాట కాదు. గుడ్డ చినుగుతుంది, కాగితం చినుగుతుంది.

అక్క ముందు గదిలో నులక మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వింది.

"రా రా, చదువుకున్నామె వచ్చింది. వచ్చి ఇది చదివి చెప్పు," అని చెయ్యి చాపింది.

నేను అక్షరాలు నేర్చుకున్నది మనవళ్లు పుట్టాక. మా వీధి ఆడవాళ్ల సంఘంలో సాయంత్రం పూట నేర్పేవాళ్లు. అప్పటి నుంచి అక్క నన్ను అలాగే ఎగతాళి చేసేది. చేతిని చూశాను. మోచేతి కింద తోలు ఉల్లిపొరలా లేచి ఒక పక్కకు మడత పడి ఉంది. కింద ఎర్రగా, తడిగా ఉంది. రక్తం పెద్దగా లేదు. కోడలు పసుపు అద్దింది. ఆ చుట్టూ నల్లగా కమిలిన మచ్చలు, చిన్నవీ పెద్దవీ. కొన్ని తగ్గుతున్నాయి, కొన్ని కొత్తవి. అవి దెబ్బలు కావు. తలుపు తగిలినా, గాజు ఒరుసుకున్నా, గరుకుగా ఉన్న గోరు తగిలినా అవి వస్తున్నాయట. గాజులు తీసేసి చాలా రోజులైంది.

"ఏముందే, పాత గలీబు," అంది అక్క. "సూది యాడ గుచ్చితే ఆడ పిగులుతాది. దారం నిలవదు."

గలీబు అంటే పరుపు తొడుగు, మా పని మాట. మేం దూదేకులవాళ్లం. అక్కను ఆళ్లగడ్డలో పరుపులు కుట్టే ఇంటికిచ్చారు. పెళ్లైన నాటి నుంచి దూది ఏకడం, పాత పరుపులు విప్పి దుమ్ము దులపడం, మళ్లీ నింపి కుట్టడం ఆమె పని. పాత పరుపు విప్పితే లేచే దుమ్ము మామూలు దుమ్ము కాదు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా లోపలికి పోతుంది. నలభై దాటకముందే ఆయాసం పట్టుకుంది. దగ్గర్లో ఉన్న డాక్టరు చిన్న తెల్ల మాత్రలు ఇచ్చాడు. అవి వేసుకుంటే ఊపిరి ఆడేది. ఊపిరి ఆడకపోతే మళ్లీ వేసుకునేది. అలా ఏళ్లు గడిచాయి. ఎవరూ మానమని చెప్పలేదు, ఆమె అడగలేదు. మొహం ఉబ్బింది, కాళ్లు చేతులు సన్నబడ్డాయి. తోలు పలచబడుతోందని మాత్రం మేం చాలా ఆలస్యంగా గమనించాం. ముసలితనం అనుకున్నాం.

అక్కకు ఇంకో పని ఉండేది. మా వాళ్లలో ఆడమనిషి చనిపోతే ఆడవాళ్లే ఆ శరీరాన్ని కడగాలి. ఆ వీధిలో అక్కే కడిగేది. అత్తగారి దగ్గర నేర్చుకుంది. నాకు ఆమె నేర్పింది. మొదట్లో నేను నీళ్లు అందించడానికి వెంట వెళ్లేదాన్ని, తర్వాత నంద్యాలలో నేనే కడగసాగాను. రేగాకు వేసి కాచిన నీళ్లు గోరువెచ్చగా చల్లార్చి, శరీరం మీద గుడ్డ కప్పి, కుడివైపు మొదలుపెట్టి కడగాలి. చివరి నీళ్లలో కర్పూరం కలపాలి. దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు, మేం తీసుకోం. చేతికి గుడ్డ చుట్టుకుని ఎలా తాకాలో చూపిస్తూ అక్క అనేది: "బతికున్నోళ్లయితే నొప్పైతాంది అంటారు. వీళ్లు అనలేరు గదా. అందుకని నీకే నొప్పి కావల్ల."

ఆ రోజు పసుపు కడిగి, మెత్తటి పాత పంచె ముక్కతో చెయ్యి చుట్టాక, కోడలు లోపలికి వెళ్లేదాకా ఆగి అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఆ కాలువామె గుర్తుందా నీకు?"

గుర్తుంది. కేసీ కాలువలో పడి కొన్నాళ్లకు దొరికిన ఒక ముసలామె. పోలీసుల దగ్గర నుంచి తెచ్చేసరికి ఆమె ఒంటికి నీళ్లు తగిలించే పరిస్థితి లేదు. పోస్తే తోలు నీళ్లతోపాటు పోతుంది. పెద్దవాళ్లు మట్టితో చేయమన్నారు. అంటే శుభ్రమైన మట్టి మీద అరచేతులు తట్టి, ఆ చేతులతో మొహం మీద, చేతుల మీద ఒకసారి తుడవడం. తయమ్ముం అంటారు. నీళ్లతో కడగడానికి వీలుకాకపోతే మతం ఇచ్చిన వెసులుబాటే అది. ఏ తక్కువా లేదు దానికి. అక్కే చేసింది. చేసి ఇంటికొచ్చి చాలాసేపు బావి దగ్గర కూర్చుంది.

"ఆమెను సాగనంపినట్టు ల్యా నాకు," అంది ఇప్పుడు. "దుమ్ము దులిపినట్టు ఉండె. బతుకంతా దుమ్ములోనే ఉన్యా. పోయేటప్పుడు గూడా దుమ్మేనా? నన్ను నువ్వే కడగల్ల. నీళ్లతో. ఈ తోలు అంతవరకూ నిలిచేటట్టు ఏమన్నా సూడు."

"పిచ్చి మాటలు మాట్లాడొద్దు."

"పిచ్చి గాదు. నేను ఎంతమందిని కడిగినానో నీకు తెల్సు. ఈ చెయ్యి సూస్తే నీకు తెలీదా, నీళ్లు పోస్తే ఇది ఏమైతాదో?"

తెలుసు.

నంద్యాలకు తిరిగొచ్చిన మర్నాడు బజారుకు వెళ్లాను. టీవీలో చూపించే క్రీములన్నీ ఒక పెద్ద ఫ్యాన్సీ షాపులో అద్దాల వెనక వరసగా ఉన్నాయి. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి మొహానికి తెల్లగా రాసుకుని ఉంది.

"మొహానికా ఆంటీ?"

"కాదు పాపా. చేతులకు, కాళ్లకు. ఒంటికంతా. పెద్దామెకు."

"ముడతలు పోవాల్నా?"

"ముడతలుంటే ఉండనీ. చినగకుండా ఉండల్ల."

ఆ అమ్మాయి అద్దం తలుపు తీసింది. ముడతలు కనపడకుండా చేసేవి, నల్ల మచ్చలు తగ్గించేవి, రాత్రికి వేరు, పగటికి వేరు అని ఒక్కొక్కటీ తీసి పెట్టింది. అన్నీ మొహానికే. చర్మం అంటే మొహం అనేదే ఈ షాపుల లెక్క. సీసాలు తిప్పి చూశాను. ఇన్నేళ్లకు నాలుగు అక్షరాలు నేర్చుకుంటే ఒక్క సీసా మీదా నా అక్షరాలు లేవు. అంతా ఇంగ్లీషు. "ఇందులో ఏముంటాది పాపా?" అంటే "బాదం ఉంటాదాంటీ, గులాబీ ఉంటాది" అంది. సీసా మీద బాదంకాయల బొమ్మ, గులాబీ బొమ్మ ఉన్నాయి. బొమ్మలు చూసి నేనూ చెప్పగలను. చివరికి అన్నిటికన్నా మంచి వాసన వచ్చేది తీసుకున్నాను. దుమ్ములో బతికిన మనిషి, ఒక్కసారన్నా మంచి వాసన ఉంటే బాగుంటుంది అనుకున్నాను.

అది రాయగానే అక్క పళ్లు బిగబట్టింది.

"యమ్మే, మిరపకాయలు నూరి తెచ్చినావా?"

"బాదం అంట అక్కా."

"బాదం గాదు, నీ మొగుని మీది కసి ఉండాది దీంట్లో. నా మీద తీర్సుకుంటాండావ్."

కోడలు లోపలి నుంచి పకపకా నవ్వింది. అక్క కూడా నవ్వింది గాని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చల్లనీళ్లు పోసి ఆ లోషన్ అంతా కడిగేశాం. ఆ చోటు రెండు రోజులు ఎర్రగా ఉందట. పలచబడ్డ చర్మానికి వాసనే మంట అని తర్వాత తెలిసింది. ఆ సీసా కోడలు తీసుకుంది. ఆమె చేతులకు అది బాగానే పట్టింది.

తర్వాత కొబ్బరినూనె. రాసినంతసేపు మెరిసేది, పూట గడిచేలోగా మళ్లీ తోలు బూడిద రంగుకు వచ్చి పొలుసులు లేచేది. తర్వాత చలికాలం పెదాలకు రాసుకునే తెల్లటి జెల్లీ పెద్ద డబ్బా తెచ్చాను. దానికి వాసన లేదు, మంట లేదు. మా ఇంటి పక్క నర్సుగా పనిచేసి మానేసినామె అదే మంచిదని చెప్పింది. అక్కకు రోజుకు రెండు పూటలా రాయమని కోడలికి చూపించి వచ్చాను. అదీ పనిచేయలేదు. పై వారం వెళ్లేసరికి కాళ్ల మీద తోలు ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉంది. మోకాలి కింద కొత్తగా ఒకచోట చినిగింది. కోడలు నా ముందు నిలబడి ఏడ్చింది.

"రాస్తానే ఉండా చిన్నత్తా. నేను రాయట్లేదని అందరూ అనుకుంటారు. డబ్బా సూడు, సగమైంది."

డబ్బా నిజంగానే సగమైంది. ఆ పిల్ల అబద్ధమాడే రకం కాదు. మరి ఏమవుతోందో అర్థం కాలేదు. అందుకే ఆ వారం నంద్యాలకు పోకుండా అక్కడే ఉండిపోయాను.

ఉన్న మొదటి రోజే తెలిసింది. మధ్యాహ్నం నమాజుకు ముందు ఉజూకు, అంటే మొహం, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, అక్క గోడ పట్టుకుని కొళాయి దగ్గరకు వెళ్లింది. సాయం చేద్దామని వెనకే వెళ్లాను. చిన్న పీట మీద కూర్చుని, బట్టలుతికే సబ్బు తీసుకుని, బీరపీచుతో మోచేతుల దాకా, మడమల దాకా తోముతోంది. జెల్లీ పోయేదాకా. నీళ్లు తోలు మీద బొట్లుగా నిలవకుండా జారేదాకా తోముతోంది.

"ఏం చేస్తాండావ్ అక్కా!"

"జిడ్డు ఉంటే నీళ్లు తోలుకు తగలవు గదనే. తగలకపోతే ఉజూ కాదు. ఉజూ కాకపోతే నమాజు కాదు."

"పూటపూటకూ ఇట్లనే చేస్తాండావా?"

"చేయక? నువ్వు పూసిపొమ్మంటావు, అల్లా కడుక్కొని రమ్మంటాడు. ఇద్దరి మాటా వింటాండా."

గోరింటాకు పెట్టుకుంటే పరవాలేదు, గోళ్ల రంగు వేసుకుంటే ఉజూ కాదు అని మాకు చిన్నప్పుడే చెప్పేవాళ్లు. రంగు పొర కడుతుంది కాబట్టి. అక్క ఆ మాటను క్రీముకు, జెల్లీకి, నూనెకు అన్నిటికీ అన్వయించుకుంది. నేనూ అక్కడ నిలబడి, కాదు అని చెప్పలేకపోయాను. నాకూ ఖచ్చితంగా తెలియదు. మేం ఎంత మంచిది తెస్తే అది అంత గట్టిగా అంటుకునేది. ఎంత గట్టిగా అంటుకుంటే ఆమె అంత గట్టిగా తోమేది. కోడలు రాస్తున్నకొద్దీ తోలు పోతోంది.

నాకు కోపం వచ్చింది. బీరపీచు లాక్కుని గోడ అవతల పారేశాను.

"నీళ్లతో కడగల్ల, కడగల్ల అని నా ప్రాణం తీస్తాండావ్. కడగడానికి ఏం మిగులుస్తాండావ్ నాకు?"

"నమాజు లేకుండా పోతే, నువ్వు ఎన్ని నీళ్లు పోసినా ఏం లాభమే?" అంది. గోడ పట్టుకుని లేచి, నా వైపు చూడకుండా లోపలికి వెళ్లింది.

సాయంత్రం మసీదులో నమాజు చేయించే హజ్రత్‌ను పిలిపించాం. తెరకు ఇవతల అక్క, అవతల ఆయన. చిన్న వయసు మనిషి, అక్కను పెద్దమ్మా అనేవాడు. విషయమంతా నేను చెప్పాను.

"పెద్దమ్మా, నూనె, క్రీము పొర కాదు. రాసుకున్నా నీళ్లు తోలుకు తగుల్తాయి. మైనమో, రంగో గట్టిగా పొర కడితేనే తీయల్ల. నువ్వు సబ్బు పెట్టే పనే ల్యా. ఊరికే నీళ్లు పోసుకో, చాలు."

"నిజమేనా? నాకోసం చెప్తాండావా?"

"నీకోసం దీన్ చెప్పిన మాట మారస్తానా పెద్దమ్మా? ఇంకోటి చెప్తా. నీకు నీళ్లు పడకపోతే, తోలుకు దెబ్బైతాదంటే, తయమ్ముం చేసుకో. బాగలేనోళ్లకు అది చాలు."

అక్క గొంతు మారింది. "మట్టి మాట ఎత్తొద్దప్పా. నీళ్లకు నేనేం చెడిపోలా ఇంకా."

ఆమె పట్టింది మొదటి మాటే. రెండోది చెవిన పడనట్టే ఉండిపోయింది. కాని సబ్బు మానేసింది. అంతవరకు చాలు అనుకున్నాను.

తర్వాత ఆమెను నంద్యాల తీసుకొచ్చి చర్మం డాక్టరుకు చూపించాను. ఆమె కోస్తా నుంచి వచ్చిన ఆవిడ. మేం తెచ్చిన డబ్బాలు, సీసాలు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. ఆవిడ అన్నీ పక్కకు జరిపి, అక్క చెయ్యిని కింది నుంచి, గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుంది. అక్క నా వైపు చూసి తల ఊపింది. మనిషిని ఎలా పట్టుకోవాలో తెలిసినవాళ్లను అక్క వెంటనే గుర్తుపట్టేది.

"ఆయాసం మాత్రలు ఎన్నేళ్లుగా వేసుకుంటున్నారమ్మా?"

"గుర్తు ల్యా."

"వాటివల్లే ఇంత పలచబడింది. వయసు కొంత. ఇప్పుడు ఒక్కసారిగా మానకూడదు, ప్రమాదం. పోయిన మందం మళ్లీ రాదు. ఉన్నది పొడిబారకుండా చూసుకోవాలి."

"ఏ క్రీము మంచిదమ్మా?" అన్నాను.

"వాసన లేనిది, మంట పుట్టనిది ఏదైనా మంచిదే. మొహానికి ముడతలు పోగొట్టేవి వద్దు, అవి ఈ చర్మానికి పడవు. పల్చటి లోషన్ కన్నా చిక్కటి క్రీము మేలు. ఏది రాస్తారన్నదాని కన్నా ఎప్పుడు రాస్తారన్నది ముఖ్యం. నీళ్లు పోసుకున్న వెంటనే, ఒళ్లు ఇంకా తడిగా ఉండగానే రాయండి. ఆ తడి లోపలే ఉండిపోతుంది. రుద్దొద్దు. వెంట్రుకలు ఎటు వాలి ఉంటే అటు మెల్లగా జార్చండి. తుడవొద్దు, అద్దండి."

బయటికొచ్చాక అక్క అంది, "సూసినావా? ఉజూ చేసుకోంగానే పూయమని చెప్పింది. ఆమెకు తెలీకుండానే చెప్పింది."

ఆ మాట నాకు తట్టలేదు. ఇన్నాళ్లూ మేం ఉజూను, క్రీమునూ ఒకదానికొకటి అడ్డమనుకున్నాం. నీళ్లు తగిలిన ప్రతిసారీ రాసుకుంటే రోజుకు అయిదుసార్లు తడి మీద క్రీము పడుతుంది. అదే చేశాం. మందుల షాపులో తెల్లటి చిక్కటి క్రీము, వాసన లేనిది తీసుకున్నాం. పనివాళ్లు గోడకు వేసే సున్నంలా ఉందని అక్క పేరు పెట్టింది. "సున్నం తేపో" అనేది కోడల్ని. గోళ్లు నేనే కత్తిరించాను. మంచం కోళ్లకు, తలుపు అంచుకు దూది చుట్టి గుడ్డ కట్టాం. పాత చీరలతో మోచేతుల దాకా తొడుగులు కుట్టాను. ఆ కుట్టు చూసి అక్క పెదవి విరిచింది.

"ఏందీ ఈ కుట్టు, కుక్క కరిచినట్టు? దూదేకులామెవేనా నువ్వు?"

"అక్షరాలు నేర్చుకోబోయి కుట్టు మరిచినా."

"ఆ అక్షరాలైనా నిలువుగా రాస్తావా?"

ఆ చలికాలమంతా తోలు నిలిచింది. బాగుపడిందని అనను. మచ్చలు వచ్చాయి, పోయాయి. కాని చినగలేదు. మోచేతి కింద ఊడిన చోట కొత్త పొర గులాబీ రంగులో వచ్చి, కాగితమంత పలచగా మెరిసేది. ప్రతి శుక్రవారం నేను వెళ్లి ఆమెను అంగుళం అంగుళం చూసేదాన్ని. ఆమెకు అర్థమయ్యేది. నేను క్రీము రాయడానికి మాత్రమే చూడటం లేదని. రేపు ఎక్కడ చెయ్యి పెట్టొచ్చు, ఎక్కడ పెట్టకూడదు అని చూసుకుంటున్నాను. ఒకసారి వీపు చూస్తుంటే అడిగింది.

"ఈడ?"

"ఈడ బాగుండాది."

"నడుము కింద?"

"నిలుస్తాది."

"పెండ్లికి బట్ట కొనేటప్పుడు గూడా ఇంత పరీచ్చ చేయలేదే నువ్వు," అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. బతికున్న మనిషి ఒంటిని చనిపోయిన మనిషి ఒళ్లుగా చూడటం ఎంత కష్టమో, అక్క ఆ కష్టం నాకెందుకు పెట్టిందో అని అప్పుడు చాలా కోపం వచ్చేది. బస్సులో తిరిగి వస్తూ ఒక్కోసారి ఏడ్చేదాన్ని. పక్కన కూర్చున్నవాళ్లు ఎవరైనా పోయారా అని అడిగేవాళ్లు. లేదనేదాన్ని.

ఎండలు మొదలయ్యాక ఆయాసం ఎక్కువైంది. మాత్రలు ఊపిరిని నిలబెట్టలేకపోయాయి. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. సూది పెట్టే నర్సుకు ముందే చెప్పాను, అంటుకునే ప్లాస్టరు వేయొద్దమ్మా, గుడ్డ చుట్టు అని. ఆ అమ్మాయి మంచిది, గుడ్డే చుట్టింది. కాని సూది నిలవలేదు. నరాలు దొరకలేదు. ఒక చేతికి, ఇంకో చేతికి, మళ్లీ మొదటి చేతికి. డ్యూటీ మారినప్పుడు వేరేవాళ్లు వచ్చారు. ఊపిరి ఆగిపోయే మనిషికి సూది ఊడకుండా ఉండాలంటే వాళ్లకు ప్లాస్టరే దారి. నేను బయట కాగితం మీద వేలిముద్ర కాదు, సంతకం పెడతానని పెన్ను వెతుక్కుంటున్నాను. వచ్చేసరికి అయిపోయింది. ప్లాస్టరు తీసినప్పుడు తోలు దానితోపాటు వచ్చింది. ఒక చేతికి అరచేతి వెనకా, ఇంకో చేతికి మోచేతి మడత దగ్గరా. ఎవరినీ ఏమీ అనలేదు నేను. వాళ్లు ఊపిరి కోసం చూశారు, నేను తోలు కోసం చూశాను. రెండూ ఒక్క మనిషివే.

అక్క చేతుల వైపు చాలాసేపు చూసుకుంది. మూతికి పెట్టిన ఆక్సిజన్ తీసి, "పోయిందా?" అంది.

"చేతులొక్కటే అక్కా. మిగిలిందంతా బాగుండాది."

"ఇంటికి తోలకపో. ఈడ ఇంకా పీకుతారు."

డాక్టర్లు కూడా ఆపలేదు. ఆళ్లగడ్డకు తెచ్చాం. చేతులకు అంటుకోని గాజుగుడ్డ మీద మెత్తటి గుడ్డ చుట్టాం. మిగిలిన ఒంటికి తడి మీదే క్రీము రాస్తూనే ఉన్నాం. కోడలు ఒక్క పూట తప్పలేదు. ఎందుకు ఇంకా అని ఎవరో అడిగితే ఆ పిల్ల విసురుగా, "మీ అత్త అయితే మీరు మానుకోండి," అంది. ఒక మధ్యాహ్నం జొహర్ నమాజుకు పిలిచే బాంగు వినిపిస్తుండగా అక్క పోయింది.

నీళ్లు కాగుతుండగా లోపల మేం నలుగురు ఆడవాళ్లం ఉన్నాం. నేను, కోడలు, పక్కింటామె, అక్కకు ఆడబిడ్డ వరసైన పెద్దామె. పెద్దామె చాలామందిని కడిగింది. చేతుల కట్లు చూసి ఆమె నన్ను పక్కకు పిలిచింది.

"నీళ్లు పోస్తే ఊడొస్తాది. ఈ ఎండాకాలంలో ఇంకా తొందరగా ఊడొస్తాది. మట్టితో కానిద్దాం. దాంట్లో తప్పేం ల్యా."

"తప్పని నేనూ అనలా వదినా. ఆమె వద్దన్నింది."

"ఆమె ఇప్పుడు వద్దనడానికి లేదు గదా. పోసి, ఏమన్నా ఐతే? ఆ పాపం ఎవరిది? నీది గాదు, నాది గాదు, తోలుది అంటావా?"

నాకూ అదే భయం. పోస్తే ఏమవుతుందో ఆమెకంటే నాకే బాగా తెలుసు. ప్రతి శుక్రవారం చూశాను కదా. నేను మట్టి అంటే ఎవరూ తప్పుపట్టరు. అక్క కూడా ఏమీ అనే స్థితిలో లేదు. అది ఇంకా భయపెట్టింది. తలుపు దగ్గరికి వెళ్లి, బయట ఉన్న హజ్రత్‌ను అడిగించాను.

"కడగగలిగినంత కడగండి. రుద్దొద్దు. కట్టు ఉన్నచోట విప్పొద్దు, పైన తడి చేత్తో తడమండి చాలు. కడగలేమనిపిస్తే ఆపేయండి," అన్నాడు.

పెద్దామె నా మొహం చూసింది. "నువ్వే చెప్పు మరి. మట్టా, నీళ్లా?"

"నీళ్లే."

ధార తగిలితే దెబ్బ కాబట్టి చెంబు మూతిని నా అరచేతికి ఆనించాను. నీళ్లు నా చేతి మీద పడి, అక్కడి నుంచి ఆమె ఒంటి మీదికి జారాయి. రేగాకు వాసన గదంతా నిండింది. కుడివైపు మొదలుపెట్టాను. గుడ్డ చుట్టిన చేతిని ఆనించాను గాని కదిలించలేదు. పక్కకు తిప్పేటప్పుడు కింద నాలుగు చేతులూ పరిచి, పట్టుకోకుండా ఎత్తాం. పెద్దామె మొదట దూరంగా నిలబడింది, తర్వాత వచ్చి తల పట్టుకుంది. కోడలు నీళ్లు అందిస్తూ, వెక్కిళ్లు వినపడకుండా కొంగు కొరుక్కుంది. కట్ల మీద తడి చేత్తో తడిమాను. చివర కర్పూరం నీళ్లు పోశాను. తర్వాత పొడి గుడ్డతో అద్దాను. తుడవలేదు.

కడిగిన ఒంటి మీద ఏం కనపడిందో, ఏం జరిగిందో కడిగినవాళ్లు బయట చెప్పకూడదు. ఎవరి శరీరం గురించైనా అంతే, అక్కదైనా అంతే. ఆ గదిలోంచి బయటికి రాగానే వీధి ఆడవాళ్లు చుట్టూ చేరారు.

"నీళ్లు పోసినారా? తోలు నిలిచిందా?"

"పోసినాం."

"చేతులు? ఏమన్నా..."

"నీళ్లు పోసినాం," అన్నాను మళ్లీ.

అంతకుమించి ఎవరికీ చెప్పలేదు. కోడలితో కూడా దాని గురించి మాట్లాడలేదు, ఆమె కూడా అడగలేదు. ఇక్కడా రాయను. నీళ్లు పోశామన్న మాట మాత్రం ఆ వారమంతా అడిగినవాళ్లకు చెప్పాను, అడగనివాళ్లకూ చెప్పాను.